తాళం కంపెనీది, అప్పు మీదా?

ప్రశ్న: మాది ఏలూరు. వయసు 34. పెళ్లిళ్లలో, జాతరల్లో కీబోర్డు వాయిస్తాను. ఇంట్లో చిన్న స్టూడియో పెట్టుకుని భక్తి పాటలకు, జానపదాలకు సంగీతం సమకూరుస్తాను. నా దగ్గర పాత సింథసైజర్ మాడ్యూల్ (కీబోర్డుకు తగిలించి వాడే ధ్వనుల పెట్టె) ఒకటి ఉంది. దాని రెండు వరుసల తెర మీద ధ్వనులు మార్చుకోవడం నరకం కాబట్టి, కంప్యూటర్ మీద మార్చుకునే ఎడిటర్ సాఫ్ట్‌వేర్‌ను ఆరేళ్ల క్రితం డబ్బు పెట్టి కొన్నాను. లైసెన్సు రెండు కంప్యూటర్లకే. మొదటి ల్యాప్‌టాప్‌తో ఒకటి పోయింది. మొన్న రెండో ల్యాప్‌టాప్‌కు మదర్‌బోర్డు మార్పిస్తే, సాఫ్ట్‌వేర్ దాన్ని కొత్త కంప్యూటర్‌గా లెక్కగట్టి తెరుచుకోవడం మానేసింది. పాత వెర్షన్‌కు సహాయం ఆపేశాం, కొత్తది కొనండి అన్నారు కంపెనీవారు. కొత్త వెర్షన్‌కు 22 వేలు, అది నడవడానికి కొత్త ల్యాప్‌టాప్‌కు 72 వేలు, ఆఫర్‌లో వస్తున్న ధ్వనుల బండిల్‌కు 31 వేలు, మొత్తం 1.25 లక్షలు కావాలి. ఒక యాప్ నెలకు 2 శాతం వడ్డీతో 24 నెలలకు ఇస్తానంటోంది. ఆఫర్ ఆదివారంతో ముగుస్తుంది. తీసుకోమంటారా? లేక తాళం తీసేసిన దొంగ కాపీ, అదే క్రాక్ వెర్షన్ వాడుకోవాలా? సీజన్‌లో నెలకు 65 వేలు వస్తాయి, లేనప్పుడు 12 వేలు. ఇంటి ఖర్చు 28 వేలు. క్రెడిట్ కార్డు బాకీ 46 వేలు, నెలనెలా కనీస మొత్తం కడుతున్నాను. 20 నెలల లక్ష రూపాయల చిట్టీలో 11 నెలలు కట్టాను, ఇంకా పాడలేదు. బ్యాంకులో 19 వేలు ఉన్నాయి. భార్య, నాలుగేళ్ల పాప, అమ్మ నా మీదే ఆధారపడి ఉన్నారు. ఆరోగ్య బీమా లేదు. ఇంకో సాఫ్ట్‌వేర్ తెరవడానికి కంప్యూటర్‌కు గుచ్చే తాళంచెవి లాంటి డాంగిల్ పోతే భర్తీ చేసే కవరేజీకి మాత్రం ఏటా కడుతున్నాను. మ్యూచువల్ ఫండ్‌లో నెలనెలా కట్టే సిప్ కూడా మొదలుపెట్టాలనుంది.

జవాబు: ఆదివారం సంగతి మరిచిపోండి. సంగీత సాఫ్ట్‌వేర్ ఆఫర్లు ముహూర్తాల కంటే తరచుగా వస్తాయి. నవంబరు చివర్లో అయితే దాదాపు అందరూ ధరలు తగ్గిస్తారు. ఈ ఆదివారం పోయిన బండిల్ మళ్లీ మీ ఫోనుకే వస్తుంది.

మీ కోపంలో న్యాయం ఉంది. డబ్బు పెట్టి కొన్నవాడు సర్వీసు బిల్లు పట్టుకుని సంజాయిషీ చెప్పుకోవాల్సి రావడం, దొంగ కాపీ వాడేవాడికి ఏ ఇబ్బందీ లేకపోవడం ఈ లైసెన్సు తాళాల వ్యాపారంలో పాత రోగమే. పెద్ద కంపెనీలు కూడా దీనికి అతీతం కాదు. స్టైన్‌బర్గ్ కంపెనీ ఏళ్ల తరబడి క్యూబేస్ అనే తన రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌ను యూఎస్‌బీ డాంగిల్‌కు కట్టేసింది. 2022లో కొత్త లైసెన్సు పద్ధతికి మారి, ఆ డాంగిల్‌ను నడిపే పాత ఈలైసెన్సర్ సేవను 2025 మే 20న మూసేసింది. సంగీత సాఫ్ట్‌వేర్లు చేసే వేవ్స్ కంపెనీ 2023 మార్చిలో శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆపేసి ఇక చందాలే అని ప్రకటించింది. వాడకందారులు విరుచుకుపడితే కొద్ది రోజుల్లోనే వెనక్కి తగ్గింది. ఎవరి తాళమైనా, నియమం మార్చే అధికారం మాత్రం మీ చేతిలో ఉండదు.

మీ ఉత్తరాన్ని ఎంచుకోవడానికి కారణం ఇదే. ఇలాంటి పనిముట్టు మీద బతుకుతూ, అది ఏదో ఒక రోజు తెరుచుకోదన్న లెక్క వేసుకోని వారు చాలామంది ఉన్నారు. ఫొటోగ్రాఫర్లు, వీడియో ఎడిటర్లు, ఫ్లెక్సీ డిజైనర్లు అందరిదీ ఇదే కథ. కొన్న రోజు కట్టిన ధరే పనిముట్టు ఖరీదు అనుకుంటారు. అది ఆగిన రోజున చేతిలో డబ్బుండదు, చేతిలో ఫోను ఉంటుంది, ఫోనులో యాప్ ఉంటుంది.

ఆ యాప్ మాట తేల్చేద్దాం. "నెలకు 2 శాతమే" అన్నది మీరు తీర్చేసిన అసలు మీద కూడా చివరి నెల వరకు వేసే వడ్డీ. 1.25 లక్షలకు నెల వాయిదా సుమారు 7,708 రూపాయలు. 24 నెలల్లో కట్టేది 1.85 లక్షలు. ఇలాంటి యాప్‌లు ప్రాసెసింగ్ ఫీజు 3 శాతం, దాని మీద జీఎస్టీ ముందే కోసుకుంటే చేతికొచ్చేది లక్షా 20 వేల చిల్లర. అప్పుడు అసలు వడ్డీ ఏటా 45 శాతం దగ్గర తేలుతుంది. రుణం ఇచ్చే ముందు వార్షిక రేటు, అన్ని ఛార్జీలు చూపే పత్రం ఇవ్వాలని రిజర్వు బ్యాంకు నిబంధన పెట్టింది. అడిగి చూడండి, 2 శాతం అన్న గొంతు అప్పుడెంత తగ్గుతుందో తెలుస్తుంది. ఖాళీ నెలలో 12 వేలు వచ్చే మనిషి 7,708 వాయిదా నెత్తికెత్తుకోవడాన్ని పెట్టుబడి అని పిలవకండి.

ఇప్పటికే ఉన్న కార్డు బాకీ సంగతి చూడండి. 46 వేల మీద నెలకు మూడున్నర శాతం చొప్పున 1,610 రూపాయల వడ్డీ, దాని మీద జీఎస్టీ కలిపి 1,900 అవుతుంది. కనీస మొత్తం అంటూ 5 శాతం లెక్కన మీరు కడుతున్న 2,300లో అసలుకు జమ అయ్యేది 400. పైగా బాకీ పూర్తిగా తీర్చనంత కాలం ఆ కార్డు మీద కొత్తగా ఏం కొన్నా మొదటి రోజు నుంచే వడ్డీ. విదేశీ కంపెనీకి డాలర్లలో కడితే మారకపు రుసుము అదనం, కాబట్టి 22 వేల సాఫ్ట్‌వేర్ కూడా 22 వేలతో ఆగదు.

అసలు కొత్త ల్యాప్‌టాప్ ఎందుకు? ఉన్నది మదర్‌బోర్డు మార్చాక బాగానే నడుస్తోంది కదా. 22 వేల సాఫ్ట్‌వేర్ కోసం 72 వేల యంత్రం, ఆఫర్ కాబట్టి 31 వేల బండిల్. ఆగింది ఒక్కటి, కొంటున్నది మూడు.

మీరు భయపడుతున్నంత నష్టం కూడా జరగలేదు. మీరు దాచుకున్న ధ్వనులు మాడ్యూల్ జ్ఞాపకంలోనే ఉంటాయి, ఎడిటర్ వాటిని మార్చే కిటికీ మాత్రమే. సంగీత పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే 1983 నాటి మిడి ప్రమాణంలోనే, పరికరం లోపలి అమరికలను బయటికి పంపే సిసెక్స్ సందేశాలున్నాయి. మాడ్యూల్ మెనూలో బల్క్ డంప్ (అన్నీ ఒకేసారి బయటికి పంపడం) ఎంచుకుని, విండోస్‌లో మిడి-ఆక్స్ లాంటి సాధనంతో ఆ ధ్వనులన్నింటినీ ఒక ఫైలుగా దింపుకోవచ్చు. ఈ పని ఇవాళే చేయండి. పాత మాడ్యూళ్లలో లోపలి బ్యాటరీ అయిపోతే ఆ ధ్వనులు నిజంగానే పోతాయి. అమెరికాలోని జార్జ్ మేసన్ విశ్వవిద్యాలయ ఆచార్యుడు షాన్ ల్యూక్ రాసిన ఎడిసిన్ అనే ఎడిటర్ ఉచితం, తాళం లేదు. మీ మోడల్ దాని జాబితాలో ఉందేమో చూడండి. లేకపోతే సీటీఆర్ఎల్ఆర్ అనే మరో ఉచిత ఎడిటర్ ప్యానెళ్లలో వెతకండి. యమహా పీఎస్‌ఆర్-ఎస్‌ఎక్స్ లాంటి నేటి కీబోర్డులకు కొత్త ధ్వనులు చేర్చుకునే ఎక్స్‌పాన్షన్ మేనేజర్‌ను కంపెనీయే ఉచితంగా ఇస్తోంది. క్రాక్ జోలికి వెళ్లకండి. అది చట్టవిరుద్ధం, పైగా బ్యాంకు లావాదేవీలు చేసే ల్యాప్‌టాప్‌లో ఎవరో తెలియనివాడి ప్రోగ్రాం పెట్టుకోవడం.

ఇక నా అసలు గొడవ. మీకు అత్యవసర నిధి లేదు. 19 వేలంటే ఇరవై రోజుల ఇంటి ఖర్చు. నెల జీతగాడికి మూడు నెలల నిధి చాలంటారు, మీ వృత్తికి అది చాలదు. ఆషాఢం ఏటా వస్తుంది. మూఢం వస్తే పెళ్లిళ్లే ఆగిపోతాయి. 2024లో మే, జూన్ నెలలు శుక్ర మూఢంలో కలిసిపోయి, వేసవి సీజన్ మీద ఆశ పెట్టుకున్న బ్యాండువారు, వంటవారు, పురోహితులు అందరూ ఖాళీగా కూర్చున్నారు. పంచాంగంలో ఏడాది ముందే అచ్చయ్యే ఈ ఖాళీని అనుకోని కష్టం అనడానికి వీల్లేదు. కాబట్టి మీకు ఆరు నెలల ఖర్చు, అంటే 1.68 లక్షలు కావాలి. దానికి బయట, పనిముట్ల కోసం వేరే 40 వేలు. ఈ రెండూ ఒకే ఖాతాలో పెడితే పాప జ్వరం డబ్బు సాఫ్ట్‌వేర్‌కు, సాఫ్ట్‌వేర్ డబ్బు పాప జ్వరానికి పోతాయి.

ఎక్కడి నుంచి తేవాలంటారా? చిట్టీ ఉంది. 11 నెలలు గడిచాయి కాబట్టి తగ్గింపు మరీ ఎక్కువ ఉండదు. పాడుకుంటే 90 వేలు చేతికొస్తాయనుకుందాం. వెంటనే 46 వేలు కార్డుకు కట్టి బాకీ సున్నా చేయండి. వదులుకునే 10 వేలు బాధగానే ఉంటాయి. కానీ మిగిలిన తొమ్మిది నెలలు కార్డుకు మీరు చెల్లించబోయే వడ్డీ అంతకంటే ఎక్కువ. మిగిలే 44 వేలు, బ్యాంకులోని 19 వేలు కలిపి 63 వేలు నిధికి పునాది. ఆ తర్వాత సీజన్ నెలల్లో ఇంటి ఖర్చు, చిట్టీ పోగా మిగిలే 32 వేలలో 15 వేలు కార్యక్రమం డబ్బులు అందిన వారంలోనే పక్కకు మళ్లించండి. సగం పొదుపు ఖాతాలో, సగం ఎప్పుడంటే అప్పుడు తీసుకోగలిగే డిపాజిట్‌లో. మ్యూచువల్ ఫండ్ల మాట నిధి నిండాక ఎత్తండి.

బీమా గురించి రెండు మాటలు. డాంగిల్‌కు కవరేజీ ఉంది, ఇంట్లో నలుగురికి లేదు. ఈ వరుస తిరగేయండి. వ్యక్తిగత ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీని 2025 సెప్టెంబరు 22 నుంచి ఎత్తేశారు కాబట్టి వాయిదా వేయడానికి ఆ సాకు కూడా లేదు. మీ ముగ్గురికి ఒక పాలసీ, అమ్మకు విడిగా ఒకటి చూడండి. ప్రయాణంలో కీబోర్డు పగిలితే వర్తించే పరికరాల పాలసీ తర్వాత.

కంపెనీకి ఇంకోసారి రాయండి. కొన్న రసీదు, మదర్‌బోర్డు మార్చిన సర్వీసు బిల్లు జతచేసి, కొత్త వెర్షన్ అక్కర్లేదు, పాత లైసెన్సునే ఒకసారి రీసెట్ చేయమని అడగండి. మొదట కాదన్నవారు బిల్లు చూశాక ఒప్పుకోవడం అరుదేమీ కాదు. ఒప్పుకుంటే మాత్రం ఇకమీదట ల్యాప్‌టాప్‌ను సర్వీసుకు ఇచ్చే ముందు దాని నుంచి లైసెన్సును విడిపించాకే ఇవ్వండి. కాదంటే, ఉచిత ఎడిటర్‌తో ఈ సీజన్ గడిపి, పనిముట్ల ఖాతాలో 40 వేలు చేరాక నవంబరు ధరలు చూడండి. ఈలోగా ఈ నెల చిట్టీ పాటకు స్వయంగా వెళ్లండి, కార్డు గడువు తేదీలోపు డబ్బు చేతికొచ్చేలా జామీను కాగితాలు ముందే సిద్ధం చేసుకోండి.