వాళ్ల ఫోన్ కోసం కూర్చోకు

చిన్నీ,

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. ఇంటర్వ్యూకని పొద్దున తొమ్మిదిన్నరకే హైటెక్ సిటీలో ఉన్నావట. రెండున్నర దాకా లోపలికి పిలవలేదట. పిలిచినాయన పది నిమిషాలు ఫోన్ చూసుకుంటూనే నీతో మాట్లాడి, 'హెచ్‌ఆర్ కాల్ చేస్తారు' అని పంపేశాడట. నువ్వు హాస్టల్‌కి వెళ్లి అన్నం తినలేదని తెలిసి అక్కడ కాకినాడలో మా చెల్లెలు తినడం మానేసింది. ఈ ఉత్తరం ఇద్దరికీ. ఫోన్‌లో చెబితే 'సరే మామయ్యా' అని పెట్టేస్తావు కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

ముందు ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ టేబుల్‌కి అవతలి పక్క నేనూ కూర్చున్నాను. జీడిమెట్ల ఫ్యాక్టరీలో చివరి పన్నెండేళ్లూ మనుషుల్ని తీసుకునే పని కూడా నా నెత్తినే ఉండేది. షెడ్డులో మోటారు కాలిపోయి గొడవ గొడవగా ఉంటే, చేతులు తుడుచుకుంటూ వచ్చి కుర్చీలో కూలబడేవాణ్ణి. వచ్చినవాళ్ల రెజ్యూమె నేను మొదటిసారి చూసేది వాళ్లు తలుపు తోసుకుని లోపలికొస్తున్నప్పుడే. 'మీ గురించి చెప్పండి' అని ఎందుకు అడుగుతారనుకున్నావు? నువ్వు చెబుతుండగా ఆ కాగితం చదువుకోవడానికి. అందరి సంగతీ నాకు తెలీదు, నేను అడిగింది మాత్రం అందుకే.

ఒకసారి పై ఆఫీసు నుంచి పేరు ముందే వచ్చేసింది. ముగ్గురిని చూసి తీసుకున్నట్టు ఫైల్లో ఉండాలి కదా, ఇంకో ఇద్దర్ని పిలిపించాం. అందులో ఒక కుర్రాడు తెల్లవారుజామున నల్గొండలో బస్సెక్కి వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, కొత్త ఫైలు. అడిగినవన్నీ ఠకఠకా చెప్పాడు. 'కబురు చేస్తాం బాబూ' అన్నాను. చేయలేదు. ఆ రాత్రి వాడు తన జవాబుల్లో ఎక్కడ తప్పు పోయిందా అని వెతుక్కునే ఉంటాడు. నాకు తెలుసు, ఒక్క తప్పూ లేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ నాకు మనసు ఒప్పదు.

అందుకే నిన్నొక పని చేయమంటున్నాను. ఇంటర్వ్యూ అయిన రోజు సాయంత్రం నోట్‌బుక్‌లో పేజీ మధ్యన గీత గియ్యి. నీకు రానివి ఎడమవైపు రాయి. వాళ్లు చేసినవి కుడివైపు రాయి. నీది సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని, అందులో ఏపీఐ టెస్టింగ్ గురించి అడిగితే తడబడ్డావు, అది ఎడమవైపు. అయిదు గంటలు కూర్చోబెట్టారు, రెజ్యూమె చదవలేదు, ప్రకటనలో ఒక పనైతే లోపల ఇంకో పని చెప్పారు, ఇవన్నీ కుడివైపు. ఎడమవైపువి మర్నాడు పొద్దున చదువుకో. కుడివైపువి రాసేసి, అన్నం తిని పడుకో. నువ్వు రెండూ కలిపి నెత్తిన వేసుకుంటున్నావు, ఏడుపు అందుకే వస్తోంది.

ఇక వెళ్లే ముందు సంగతి. కన్సల్టెన్సీ అమ్మాయి ఫోన్ చేసి కరెంట్ సీటీసీ, అంటే ఏడాది జీతం మొత్తం ఎంత, నోటీస్ పీరియడ్ ఎంత అని గబగబా అడుగుతుంది కదా. అన్నీ చెప్పాక నువ్వూ అడుగు. ఎన్ని రౌండ్లు? ప్యానెల్ ఆ రోజు ఆఫీసులోనే ఉంటుందా, ఆన్‌లైన్‌లో కూర్చోబెడతారా? ఈ పోస్టుకి బడ్జెట్ ఎంత? జాబ్ వివరాలతో మెయిల్ పంపమని కూడా చెప్పు. మెయిల్ పెట్టడానికే బద్ధకించే చోటికి మెట్రో టికెట్ దండగ. అక్కడికెళ్లాక గంటన్నర దాటితే రిసెప్షన్‌కి వెళ్లి, 'నాకు మధ్యాహ్నం ఇంకో పనుందండి, ఎప్పటికి పిలుస్తారో కనుక్కుంటారా, లేదంటే వేరే రోజు రమ్మంటారా' అని నెమ్మదిగా అడుగు. అడిగినందుకు ఉద్యోగం పోదు. అయిదు గంటలు నోరు మూసుకుని కూర్చున్నందుకు నీకేమైనా మార్కులు వేశారా?

పోయిన నెల నువ్వు చెప్పిన 'అసైన్‌మెంట్' నాకింకా మింగుడు పడలేదు. వాళ్ల సొంత వెబ్‌సైట్‌నే ఇచ్చి, నాలుగు రోజుల్లో టెస్ట్ కేసులు రాసి బగ్గులు పట్టివ్వమన్నారు. నువ్వు నలభై పైచిలుకు పట్టిచ్చావు. తర్వాత ఉలుకూ పలుకూ లేదు. దాన్ని మా రోజుల్లో వెట్టి అనేవాళ్లం. ఈసారి అలా ఇస్తే, రెండు గంటల్లో అయ్యే శాంపిల్ చేసి చూపిస్తానని, మిగతాది మాట్లాడి చెబుతానని అను. కొందరు సరే అంటారు. కొందరు నిన్ను వదిలేస్తారు. వదిలేయనీ.

పెళ్లెప్పుడని అడిగాడట ఒకాయన. తీసుకునే దగ్గర ఆడవాళ్లకి తేడా చూపకూడదని చట్టంలో 1976 నుంచీ ఉంది. అయినా ఆ గదిలో చట్టం చదివి వినిపించినందువల్ల నీకు ఒరిగేదేమీ లేదు. 'నా పనికి అది అడ్డు కాదు సర్, టీమ్ ఏ షిఫ్టులో పనిచేస్తుందో చెబుతారా' అని మాట అటు తిప్పెయ్యి. మళ్లీ అదే అడిగితే గీతకి కుడివైపు రాసుకుని, ఆ కంపెనీ పేరు కొట్టెయ్యి. ఒకప్పుడు నా పక్కన కూర్చున్నాయన ఒకమ్మాయిని ఇదే అడిగితే నేను నవ్వి ఊరుకున్నాను. మీ అత్తయ్యకి ఇంతవరకూ చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

కోచింగ్ సెంటర్లు, కన్సల్టెన్సీలు కిక్కిరిసిన అమీర్‌పేటలో ఉన్నావు కాబట్టి డబ్బు మాట కూడా. బ్యాక్‌డోర్ ఉద్యోగం అనీ, లాప్‌టాప్ డిపాజిట్ అనీ, ట్రైనింగ్ ఫీజు అనీ ఏ పేరుతో అడిగినా రూపాయి ఇవ్వకు. నీ రూమ్మేట్ ఇప్పటికే ఆన్‌లైన్‌లో కట్టేసిందన్నావు. ఇంకా 1930కి ఫోన్ చేయకపోతే ఈ రోజే చేయించు, సైబర్ మోసాలకి అదే నంబరు. ఎంత త్వరగా చేస్తే అంత మంచిది. ఆరు నెలల గ్యాప్ కనపడకుండా దొంగ ఎక్స్‌పీరియెన్స్ పెట్టిస్తామనే వాళ్ల మాటా వినకు. నీ పీఎఫ్ నంబరు, అదే యూఏఎన్, తెరిస్తే ఎక్కడ ఎన్నాళ్లు చేశావో వరసగా కనిపిస్తుంది, వెరిఫికేషన్‌లో చూసేది అదే. కంపెనీలో టీమ్ మొత్తాన్ని తీసేశారు, అప్పట్నుంచి ఆటోమేషన్ నేర్చుకుంటున్నాను అని ఉన్నది ఉన్నట్టు చెప్పు. రెండు ముక్కల్లో ఆపెయ్. గ్యాప్ గురించి మనం సాగదీసి చెప్పేకొద్దీ ఎదుటివాళ్లకి అనుమానం పెరుగుతుంది.

అయిపోయాక మూడు రోజులాగి ఒక మెయిల్, ఇంకో వారానికి ఇంకొకటి. అంతే, మూడోది వద్దు. శుక్రవారం చెబుతామన్నారని గురువారం ఇంకోచోటికి వెళ్లడం మానకు. ఆఫర్ లెటర్ చేతికొచ్చినా, జాయినయ్యే దాకా మిగతా తలుపులు మూయకు. జాయినింగ్ తేదీ జరుపుకుంటూ పోయే కంపెనీలు కూడా ఉన్నాయి.

మంగళవారం ఇంకోటి ఉందన్నావు కదా. ఆదివారం పొద్దున్నే మా ఇంటికి వచ్చెయ్, లాప్‌టాప్ తెచ్చుకో. నేను ఫోన్ చూసుకుంటూ, ఆవలిస్తూ, మధ్యలో టీ తెప్పించుకుంటూ నిన్ను ఇంటర్వ్యూ చేస్తాను. ఆ పాత్ర నాకు బాగా వచ్చు. అత్తయ్య గోంగూర తెప్పించింది.

ఇట్లు,
మామయ్య

ఇంకో మాట. బీరువా సర్దుతుంటే 1984లో నాకొచ్చిన మొట్టమొదటి కాల్ లెటర్ దొరికింది. సామర్లకోటలో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి హైదరాబాద్ వచ్చాను. తిరగని ఫ్యాను కింద బల్ల మీద సాయంత్రం దాకా కూర్చోబెట్టి, 'మీ నాన్నగారు ఏం చేస్తారు' అని ఒక్కటే అడిగి పంపేశారు. టికెట్ నంబరు రాసిస్తే రానుపోను సెకండ్ క్లాస్ ఛార్జీ మనియార్డర్ చేస్తామని ఆ లెటర్లో స్పష్టంగా ఉంది. రాసిచ్చాను, సంతకం కూడా పెట్టాను. పోస్ట్‌మ్యాన్ ఇంకా రాలేదు.