గ్రాఫ్ ఫ్యామిలీ తీసుకుని డామినేషన్ నంబర్ కనుక్కోవడం కూడా పరిశోధనేనా?

మీరడిగింది ఇదీ: పీహెచ్‌డీలో చేరారు, గైడ్‌గారు "ఏదో ఒక గ్రాఫ్ ఫ్యామిలీ తీసుకుని డామినేషన్ నంబర్ కనుక్కో" అన్నారు, నాలుగు చిన్న గ్రాఫులు గీస్తే ఫార్ములా ఇట్టే కనబడుతోంది, మరి ఇందులో పరిశోధన ఏముంది అని. ఆ "ఇట్టే కనబడుతోంది" దగ్గరే నేను బోల్తా పడ్డాను.

కొత్తవాళ్ల కోసం ఒక ముక్క. గ్రాఫంటే కొన్ని చుక్కలు (వర్టెక్సులు), వాటిని కలిపే గీతలు; గీత కలిపినవే ఒకదానికొకటి పక్కవి. ఒకే తరహాలో కట్టిన గ్రాఫుల గుంపు ఫ్యామిలీ. గ్రాఫులో కొన్ని వర్టెక్సులు ఎంచుకుంటాం. మిగిలిన ప్రతిదాని పక్కనా ఎంచుకున్నది కనీసం ఒకటి ఉండాలి. ఎంత తక్కువతో సరిపెట్టగలమో అదే డామినేషన్ నంబర్. వర్టెక్సులన్నీ ఒకే వరసలో ఉంటే మూడింటికొకటి చాలు, అందులో గొప్పేమీ లేదు.

నా తంటా అంతా నాలుగు అడ్డవరసల గ్రిడ్‌తో. చుక్కల ముగ్గు ఊహించుకోండి: పైనా కిందా, కుడీ ఎడమా ఉన్న చుక్కలే పక్కవి, ఐమూలగా ఉన్నవి కావు. నిలువు వరసలు 1 నుంచి 6 దాకా పెంచుతూ నోటుబుక్కులో చేత్తో లెక్కేశాను. 2, 3, 4, 4, 6, 7 వచ్చాయి. ఇంకేం, "నిలువు వరసలు ఎన్ అయితే జవాబు ఎన్ ప్లస్ 1, ఒక్క 4 దగ్గర మినహాయింపు" అనేసి, ఇండక్షన్ (ఒక విలువకి నిజమైతే తర్వాతిదానికీ నిజమని చూపే పద్ధతి) పేరుతో పేజీన్నర నింపి పేపర్ పంపాను. తిరిగొచ్చిన రివ్యూలో నా ఇండక్షన్ ఊసే లేదు. ఏడంకెలు మాత్రం ఉన్నాయి: 3, 1, 4, 2, 4, 1, 3.

గీసి చూడండి. ఏడు నిలువు వరసలు. మొదటిదాంట్లో పైనుంచి మూడో చుక్క, రెండోదాంట్లో మొదటిది, మూడోదాంట్లో నాలుగోది, అలా. 28 చుక్కలూ కవరైపోతాయి. 8 లేనిదే కుదరదని నేను "నిరూపించిన" చోట 7తో పనైపోయింది! మొదటి నాలుగంకెలే 4×4 గ్రిడ్ జవాబు, నాలుగో వరస దగ్గర అద్దం పెట్టినట్టు దాన్నే తిప్పారు. నేను మినహాయింపని పక్కన పడేసిన 4లోనే అసలు సంగతి ఉంది. పైగా 1980ల్లోనే జాకబ్సన్, కించ్ అనే గణితజ్ఞులు దీన్ని తేల్చేశారు: నిలువు వరసలు 1, 2, 3, 5, 6, 9 అయితేనే ఎన్ ప్లస్ 1, మిగతా అన్నిటికీ ఎన్. పాత పేపర్లు వెతకకపోవడం నా రెండో తప్పు.

ఇక మీ ప్రశ్న. ఇన్ని చాలు అని చూపించడానికి బొమ్మ గీస్తే సరిపోతుంది. అంతకంటే తక్కువైతే చాలవు అని చూపించడంలోనే పని ఉంది. 4×4కి అది ఒక్క లైను: ఏ చుక్కైనా తనతో కలిపి ఐదింటికి మించి చూసుకోలేదు, మూడు పెడితే 15, ఉన్నవి 16. అదే లెక్క 4×5కి వేస్తే 4 చాలేమో అనిపిస్తుంది. కానీ నాలుగు మూలలకీ నాలుగు వేర్వేరు చుక్కలు కావాలి. అవన్నీ అంచుమీదే ఉంటాయి గనక ఒక్కోటి నాలుగింటికి మించి చూడలేదు. 16 అయ్యాయి, ఐదోది తప్పదు. ఐదుతో? మహా అయితే 21, కావలసింది 20. లెక్క ఒప్పుకుంటోంది గానీ గ్రిడ్ ఒప్పుకోదు, జవాబు 6. ఆ 5 నుంచి 6కి చేరడానికి కేసులు విడగొట్టుకుని కూర్చోవాల్సిందే.

పెద్ద గ్రిడ్‌ల సంగతీ ఇంతే. రెండు వైపులా (ఎం, ఎన్ అందాం) 16 గానీ ఆపైన గానీ ఉంటే, (ఎం+2)(ఎన్+2)ని 5తో భాగించి, కిందికి సవరించి, 4 తీసేస్తే చాలని చాంగ్ 1992లో చూపించాడు. అంతకంటే తక్కువలో కుదరదని గొన్సాల్వెస్, పిన్‌లూ, రావ్, తొమాసే నిరూపించేసరికి 2011 వచ్చింది. అదీ అంచుల్లో ఎంత వృథా పోతుందో కంప్యూటర్‌తో లెక్కగట్టించి మరీ.

ఫ్యామిలీ విషయంలో నా మాట వినండి. ఎవరూ ముట్టుకోలేదు కదా అని ఏదో పువ్వు పేరో చక్రం పేరో ఉన్న గ్రాఫు తీసుకోకండి. మధ్యలో అన్నిటికీ తగిలే వర్టెక్స్ ఉంటే జవాబు 1, థీసిస్ అక్కడితో సరి. గ్రాఫుల ప్రొడక్టులు (రెండు గ్రాఫుల్ని గుణించినట్టు కట్టేవి, మన గ్రిడ్ లాంటివి), సర్క్యులెంట్ గ్రాఫులు (గుండ్రంగా పేర్చిన చుక్కల్ని ఒకే దూరాల్లో కలిపేవి), జనరలైజ్డ్ పీటర్సన్ గ్రాఫుల్లాంటివైతే (లోపలా బయటా రెండు వలయాలుగా పేర్చిన చుక్కల్ని కలిపేవి) కింది హద్దు దగ్గర, అంటే ఇంతకంటే తక్కువైతే చాలవని చూపించే చోట, చెమట పట్టిస్తాయి.

ఫార్ములా ఊహించే ముందు చిన్న ప్రోగ్రాం రాసుకోండి. గ్రిడ్‌కైతే నిలువు వరస తర్వాత నిలువు వరస చొప్పున డైనమిక్ ప్రోగ్రామింగ్ (ముందు వరస ఫలితాలు దాచుకుని వాటితో తర్వాతిది లెక్కేయడం) చాలు. ఒక్కో చుక్కకి మూడే స్థితులు: ఎంచుకున్నది, ఇప్పటికే కవరైనది, ఇంకా కావలసినది. ఒక నిలువు వరసలోని నాలుగు చుక్కలకి 3×3×3×3, అంటే 81. నేను తర్వాత రాస్తే ఒక సాయంత్రం పట్టింది. ముందే రాసుంటే 7 దగ్గరే ఆగిపోయేవాణ్ని.

మీ ఫ్యామిలీ ఏదో, దానికి వచ్చిన మొదటి పది విలువలేమిటో రాయండి, చూద్దాం. ఆరు కాదు, పది.