ఫీజు తీసేసినా పిల్లలు బడి మానేస్తుంటే

మీ బడిలో ఫీజు పూర్తిగా రద్దు చేశాక కూడా మూడు నెలలకే సగంమంది పిల్లలు రావడం లేదని రాశారు. ఫీజు ఖర్చులో ఒక ముక్కేనండి. యూనిఫాం, నోటు పుస్తకాలు, పరీక్ష ఫీజు, దారి ఖర్చు, అన్నిటికీ మించి బడికి వస్తే పిల్లాడు పోగొట్టుకునే కూలి డబ్బు అలాగే ఉన్నాయి.

ముందు హాజరు పట్టీ తీసి, ఎవరు ఏ వారంలో ఆగిపోయారో రాయండి. ఒకే వారంలో గుంపుగా ఆగితే అది నాట్లో, కోతలో అయి ఉంటుంది. సెలవులను ఆ రోజులకు జరపండి. ఒక్కొక్కరే జారిపోతుంటే మాత్రం పాఠం అందడం లేదేమో చూడాలి. పదేళ్ల పిల్లను ఒకటో తరగతిలో కూర్చోబెడితే సిగ్గుపడి మానేస్తుంది. రోజుకో గంట, తరగతితో పని లేకుండా, చదవగలిగే స్థాయిని బట్టి బృందాలు చేయండి: అక్షరాలు, పదాలు, పేరా, కథ.

డబ్బు సాయం చేయగలిగితే తల్లి చేతికే, హాజరు చూసి ఇవ్వండి. ఏడాది చివర ఒకేసారి ఇస్తే ఈలోపే పిల్లాడు పనిలో చేరిపోతాడు. పేద కుటుంబాల తల్లులకు ఇలాగే డబ్బు ఇచ్చిన, మెక్సికోలో 1997లో మొదలైన ప్రోగ్రెసా పథకం 85 శాతం హాజరు అడిగింది. పెద్ద తరగతుల్లో ఆడపిల్లలకు ఎక్కువ ఇచ్చింది.

కొత్తవాళ్లను చేర్చుకునే ముందు గదులు, టీచర్లు సరిపోతారో లేదో చూసుకోండి. కెన్యా 2003లో ప్రాథమిక విద్యకు ఫీజు ఎత్తేయగానే పది లక్షలకు పైగా పిల్లలు వచ్చి చేరారు, తరగతులు కిక్కిరిసిపోయాయి.