రాళ్లమ్ముకునేవాడితో మొదలుపెట్టండి

రెండో ప్రపంచ యుద్ధం తర్వాత జపాన్‌లో వెలివేతకు గురైనవాళ్లు, ఇల్లూ వాకిలీ లేక తిరిగినవాళ్ల గురించి చెప్పే మాంగాల్లో, అంటే జపాన్ బొమ్మల కథల్లో, మొదట ఏది చదవాలని కదా మీ ప్రశ్న. చాలామంది యోషిహిరో తత్సుమి ఆత్మకథ చెప్తారు. ఎనిమిది వందల పైచిలుకు పేజీలు. దాన్ని తర్వాతకి అట్టిపెట్టుకోండి. ముందు యోషిహారు త్సుగె గీసిన 'ద మ్యాన్ వితౌట్ టాలెంట్' చదవండి.

అది నా చేతికొచ్చినప్పుడు నేను టోక్యోలో ఉన్నాను. కాంట్రాక్టు పొడిగించకపోవడంతో రెండు నెలలు రూమ్‌లోనే కూర్చున్నా. అమ్మ ఫోన్ చేస్తే ఆఫీసులో బిజీ అనేవాణ్ణి. ఈ కథలో మనిషి ఒకప్పుడు మాంగా గీసేవాడు, ఇప్పుడు గీయడు. పాత కెమెరాల బేరం కొన్నాళ్లు చేశాడు. చివరికి తామా నది ఒడ్డున పాక వేసుకుని రాళ్లు అమ్ముతుంటాడు. ఆ రాళ్లేమో ఆ నదిలోవే! నాలుగడుగులు వేస్తే ఊరికే దొరికేదాన్ని ఎవడు కొంటాడు? పొద్దుపోతే చిన్న కొడుకు వచ్చి నాన్నని ఇంటికి తీసుకెళ్తాడు. భార్య ముఖం మొదట్లో మనకి చూపించడు, వీపే కనిపిస్తుంది. అప్పటిదాకా నవ్వుతూ చదివినవాణ్ణి, ఆ వీపు దగ్గర ఆగిపోయాను.

ఇది 1985-86లో వచ్చింది, యుద్ధం తర్వాతి కథ ఎలా అవుతుందని మీరు అడగొచ్చు. త్సుగె పుట్టింది 1937లో. బడి వయసులోనే లోహాలకి పూతపూసే కార్ఖానాలో పనికి కుదిరాడు, తర్వాత అద్దె పుస్తకాలకి బొమ్మలు గీశాడు. ఆ పేదరికమే ఇందులోనూ ఉంది.

అద్దె పుస్తకాలంటే, మన దగ్గర ఒకప్పుడు షాపుల్లో అద్దెకిచ్చిన నవలల్లాంటివే. జపాన్‌లో వీటిని కషిహోన్ అంటారు. పల్లెల నుంచి ఫ్యాక్టరీ పనికొచ్చిన కుర్రాళ్లే వాటి పాఠకుల్లో చాలామంది. పిల్లల బొమ్మల కథలు కాదివి అని చెప్పడానికి తత్సుమి 1957లో 'గెకిగా' అనే మాట పెట్టాడు. 1964లో 'గారో' పత్రిక మొదలయ్యాక ఈ ధోరణికి ఒక ఇల్లు దొరికింది. అందులో సాన్పెయ్ షిరాటో 'కముయ్ దెన్' వచ్చేది. సమురాయ్‌ల నాటి 'ఎడో' కాలపు కథ, హీరో అంటరానివాడిగా పుట్టినవాడు. కులం గురించి మనకెవరూ విడమర్చి చెప్పక్కర్లేదు కాబట్టి, అది మనకి ఇట్టే పట్టుబడుతుంది.

'అషితా నో జో' కూడా చదవండి. 1968 నుంచి 1973 దాకా వచ్చిన బాక్సింగ్ కథ. జో అనే దిక్కూమొక్కూ లేని కుర్రాడు టోక్యోలో రోజుకూలీల పేట సాన్యాకి చేరతాడు. అక్కడి చవక సత్రాల్ని 'దోయా' అంటారు. సత్రానికి జపనీస్ మాట 'యాదో', దాన్నే తిరగేశారు. ఓ ఆదివారం నేను వెళ్లాను. మ్యాపులో సాన్యా అనే పేరే లేదు, 1966లోనే అధికారికంగా తీసేశారు. కథలో బాక్సింగ్ జిమ్ ఉండే నమిదబాషి, అంటే కన్నీళ్ల వంతెన, ఇప్పుడు ఓ నాలుగురోడ్ల కూడలి. వంతెనా లేదు, కింద నీళ్లూ లేవు, సిగ్నల్ పక్కన పేరుబోర్డొకటి మిగిలింది. దగ్గర్లో జో విగ్రహం ఉంది. దాని పక్కన ఓ ముసలాయన కూర్చుని టీ తాగుతున్నాడు. ఫోటో తీయబోయి ఫోన్ జేబులో పెట్టేసుకున్నా.

తత్సుమి చిన్న కథలు మాత్రం రోజుకి రెండుకి మించి వద్దు. 1969లో రాసినవి చాలావరకు ఎనిమిదేసి పేజీలే, కానీ ఒళ్లు జలదరిస్తుంది. మురుగుకాలవలో పనిచేసేవాడు, రైల్లోకి జనాన్ని తోసేవాడు... ఎవరూ పెద్దగా మాట్లాడరు. నేను ఒక్క రాత్రిలో పుస్తకమంతా చదివి, మర్నాడు అన్నం సయించక పడుకున్నాను.

అన్నట్టు, తామా ఒడ్డున నేనూ ఒక రాయి ఏరుకుని ఇంటికి తెచ్చాను. టీవీ పక్కన పెట్టా. మొన్న మావయ్య వచ్చి చేతిలోకి తీసుకుని, "జపాన్‌దా? ఎంత పెట్టావురా?" అని అడిగాడు.