వరదలు, బ్యాంకు అప్పులు, ఆర్‌బీఐ: క్లైమేట్ రిస్క్‌లో కెరీర్ ఉంటుందా?

ప్రశ్న: మాది విజయవాడ సింగ్‌నగర్. బీఎస్సీ (మ్యాథ్స్, స్టాటిస్టిక్స్, కంప్యూటర్స్) ఫైనలియర్ చదువుతున్నాను. 2024 వరద తర్వాత మా వీధిలో చాలామంది ఈఎంఐలు కట్టలేక ఇబ్బంది పడ్డారు. వాతావరణ మార్పుల వల్ల బ్యాంకులకు వచ్చే నష్టాలపై ఆర్‌బీఐ కూడా పనిచేస్తోందని చదివాను. ఇందులో నాలాంటివాళ్లకు అవకాశాలుంటాయా? ఆన్‌లైన్‌లో క్లైమేట్ సర్టిఫికెట్ కోర్సు చేద్దామనుకుంటున్నాను. నాన్న మాత్రం గ్రూప్-2 రాయమంటున్నారు. – ఒక విద్యార్థిని

జవాబు: అవకాశాలున్నాయమ్మా. కాకపోతే కోర్సు పేరులో క్లైమేట్ ఉందా లేదా అని చూడకండి. ఇచ్చిన అప్పు ఎందుకు మొండి బకాయి అవుతుందో లెక్కగట్టడం ముందు నేర్చుకోండి. ఈ రంగంలో అసలు పని అదే.

మీ వీధినే తీసుకుందాం. అక్కడ ఒక ఇంటికి గృహరుణం ఇచ్చిన బ్యాంకు ఫైల్లో లీగల్ ఒపీనియన్, వాల్యుయేషన్ రిపోర్టు, శాలరీ స్లిప్పులు, సిబిల్ స్కోరు ఉంటాయి. బుడమేరు వాగు పొంగితే ఆ ఇంట్లోకి ఎన్ని అడుగుల నీళ్లొస్తాయో చెప్పే కాగితం సాధారణంగా ఉండదు. మామూలు రోజుల్లో ఒకరి ఉద్యోగం పోతే ఒకరి ఈఎంఐ ఆగుతుంది, పక్కింటివాళ్లు కడుతూనే ఉంటారు. బ్యాంకు లెక్కలు చాలావరకు ఈ నమ్మకం మీదే నడుస్తాయి. వరదొస్తే కిరాణా కొట్టు, ఆటో, టైలరింగ్ మిషన్, ఇల్లు అన్నీ ఒకే రోజు దెబ్బతింటాయి. ఒకే బ్రాంచిలోని వందల ఖాతాలు ఒకేసారి తడబడతాయి. మీరు చదివిన కోరిలేషన్ ఇదే. స్టాటిస్టిక్స్ విద్యార్థిగా మీకున్న బలం కూడా ఇక్కడే. వరద లాంటివి ఇలా నేరుగా తెచ్చే నష్టాన్ని ఫిజికల్ రిస్క్ అంటారు. బొగ్గు, ఉక్కు లాంటి పరిశ్రమలకు ఏళ్ల తరబడి తీరేలా అప్పులిచ్చాక ప్రభుత్వ విధానాలో టెక్నాలజీయో మారి ఆ వ్యాపారాలు దెబ్బతింటే, అది ట్రాన్సిషన్ రిస్క్.

కేంద్ర బ్యాంకులు దీన్ని గట్టిగా పట్టించుకోవడం మొదలై పదేళ్లు దాటింది. 2015 సెప్టెంబరులో అప్పటి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ గవర్నర్ మార్క్ కార్నీ లండన్‌లో బీమా సంస్థల వారి ముందు మాట్లాడుతూ, నష్టం కళ్లకు కనిపించేసరికి ఆలస్యమైపోతుందని హెచ్చరించారు. 2017లో ప్యారిస్‌లో 8 కేంద్ర బ్యాంకులు, నియంత్రణ సంస్థలు కలిసి వాతావరణ రిస్కులపై పనిచేసే ఎన్‌జీఎఫ్‌ఎస్ అనే వేదికను ఏర్పాటు చేసుకున్నాయి. ఆర్‌బీఐ 2021 ఏప్రిల్‌లో అందులో చేరింది. ఈ కేంద్ర బ్యాంకులు వాడే ముఖ్యమైన సాధనం స్ట్రెస్ టెస్ట్, అంటే గడ్డు పరిస్థితి వస్తే బ్యాంకు తట్టుకోగలదా అని చూసే పరీక్ష. ‘ఇప్పుడే చర్యలు తీసుకుంటే, ఆలస్యంగా తీసుకుంటే, అసలు కొత్త చర్యలే లేకపోతే’ అని మూడు పరిస్థితులిచ్చి, 30 ఏళ్లలో మీ నష్టమెంతో చెప్పమని బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ అక్కడి పెద్ద బ్యాంకులను, బీమా కంపెనీలను అడిగింది. తట్టుకోగలరు గానీ ఏటా లాభాల్లో సగటున 10–15 శాతం కోత పడుతుందని 2022లో తేలింది. అదే ఏడాది యూరోపియన్ సెంట్రల్ బ్యాంక్ 104 బ్యాంకులను పరీక్షిస్తే, దాదాపు 60 శాతం బ్యాంకుల దగ్గర ఇలాంటి లెక్కలు వేసే ఏర్పాటే లేదు. అంటే లెక్కలు వేసే మనుషులు కావాలి.

మన దగ్గర ఆర్‌బీఐ 2023లో గ్రీన్ డిపాజిట్లకు (పర్యావరణానికి మేలుచేసే పనులకు వాడే డిపాజిట్లు) నిబంధనలు తెచ్చింది. బ్యాంకులు తమ వాతావరణ రిస్కులను బయటపెట్టాలంటూ 2024 ఫిబ్రవరిలో ముసాయిదా విడుదల చేసింది. ఆ అక్టోబరులో ప్రకటించిన ఆర్‌బీ-క్రిస్ నన్ను ఎక్కువగా ఆకట్టుకుంది. చెల్లాచెదురుగా ఉన్న వాతావరణ డేటాను బ్యాంకులకు పనికొచ్చే రూపంలో ఒకచోట పెట్టాలన్నది దాని ఉద్దేశం. మన బ్యాంకులకు పెద్ద కొరత డేటాయే కాబట్టి ఇది సరైన చోట పట్టుకున్న పని అని నా అభిప్రాయం.

ఒక విషయం దాచకుండా చెప్పాలి. రాజకీయాలు మారితే ఈ రంగంలో ఊపు తగ్గవచ్చు. అమెరికా ఫెడరల్ రిజర్వ్ 2025 జనవరిలో ఎన్‌జీఎఫ్‌ఎస్ నుంచి బయటికొచ్చేసింది. అందుకే కెరీర్ మొత్తాన్ని క్లైమేట్ అనే ఒక్క మాట మీద పెట్టవద్దంటున్నాను. క్రెడిట్ రిస్క్‌ను, అంటే అప్పు తిరిగి రాకపోయే ముప్పును లెక్కగట్టడం వచ్చినవాళ్లకు ఏ బ్యాంకులోనైనా పని ఉంటుంది.

ఇక మీ దారి. ఆర్‌బీఐ గ్రేడ్-బి ఆఫీసర్ల జనరల్ పోస్టులకు డిగ్రీ చాలు. మీకు నేరుగా సరిపోయేది స్టాటిస్టిక్స్ విభాగమైన డీఎస్‌ఐఎం, దానికి పీజీ కావాలి. పోస్టులు తక్కువే: 2024 నోటిఫికేషన్‌లో 7, 2025లో 20. అందుకే అదొక్కటే లక్ష్యంగా కూర్చోవద్దు. ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ చేస్తే బ్యాంకుల రిస్క్ విభాగాలు, రేటింగ్ ఏజెన్సీలు, బీమా కంపెనీలు, హైదరాబాద్‌లోని అంతర్జాతీయ బ్యాంకుల సెంటర్లు కూడా అందుబాటులోకొస్తాయి. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ-పీజీ ప్రవేశ పరీక్ష రాయండి. ఎకనామిక్స్ వైపు మనసుంటే ఆర్‌బీఐ స్థాపించిన ముంబైలోని పరిశోధన సంస్థ ఐజీఐడీఆర్‌ను చూడండి. సర్టిఫికెట్ కోర్సుకు ఇప్పుడే వేలు పోయకండి. ఉద్యోగంలో చేరాక, అవసరమనిపిస్తే చేయవచ్చు.

దానికి బదులు ఈ వేసవిలో ఒక చిన్న ప్రాజెక్టు చేయండి. వాతావరణ శాఖ వర్షపాత వివరాలు, ఆర్‌బీఐ జిల్లాలవారీ రుణాల గణాంకాలు ఉచితంగానే దొరుకుతాయి. ఎన్టీఆర్ జిల్లాను, వరద రాని మరో జిల్లాను పక్కపక్కన పెట్టి, 2024 సెప్టెంబరుకు ముందూ తర్వాతా రుణాల పెరుగుదలలో తేడా ఉందేమో ఆర్ లాంగ్వేజ్‌లోనో పైథాన్‌లోనో చూడండి. తేడా కనిపించకపోయినా ఎందుకు కనిపించలేదో రాయండి. జిల్లా స్థాయి లెక్కల్లో ఒక కాలనీ కష్టం కలిసిపోతుందన్న సంగతి మీకే అర్థమవుతుంది. ఇంటర్వ్యూలో దాని గురించి అడిగితే సొంతంగా జవాబు చెప్పగలుగుతారు.

నాన్నగారి భయం న్యాయమైనదే, ఆయనతో వాదన పెట్టుకోకండి. గ్రూప్-2, గ్రేడ్-బి జనరల్ రెండింటిలోనూ ఆర్థిక వ్యవస్థ, కరెంట్ అఫైర్స్ ఉంటాయి. పీజీ చదువుతూనే నోటిఫికేషన్ వస్తే గ్రూప్-2 రాస్తానని చెప్పండి. సీయూఈటీ-పీజీ దరఖాస్తులు సాధారణంగా డిసెంబరు, జనవరి ప్రాంతంలో ఉంటాయి. ఆ గడువు దాటకుండా చూసుకోండి.