ఆరిలోవ జైల్లో చదువు చెప్పబోతున్న అమ్మాయికి

అమ్మా, ఆశీస్సులు.

విశాఖ సెంట్రల్ జైల్లో డిగ్రీ చదువులు పెంచే పని నువ్వు తీసుకున్నావని తెలిసి చాలా సంతోషం వేసింది. పుస్తకాల సంగతి తర్వాత, ముందు కాగితాలు చూడు. 2024 నుంచి దూరవిద్య డిగ్రీకి డెబ్ ఐడీ, అంటే యూజీసీ దూరవిద్యా విభాగం విద్యార్థికిచ్చే నంబరు, కావాలి. దానికి ఏబీసీ ఐడీ (చదువు క్రెడిట్లు జమయ్యే ఖాతా నంబరు), దానికి డిజిలాకర్ (సర్టిఫికెట్లు దాచే ప్రభుత్వ యాప్), దానికి ఆధార్. ఓటీపీ మాత్రం ఆధార్‌కి లింకైన ఫోన్‌కే వస్తుంది. ఆ ఫోను ఖైదీ చేతిలో ఉండదు, చాలాసార్లు ఆ సిమ్మే ఆగిపోయి ఉంటుంది. అందుకే అడ్మిషన్లకు రెండు నెలల ముందే సూపరింటెండెంట్‌ గారిని అడిగి లోపలే ఆధార్ క్యాంపు పెట్టించు. ఇంట్లో నమ్మకమైన మనిషి నంబరు ఎక్కించు. పది, ఇంటర్ మెమోలు ములాఖత్‌కి వచ్చేవాళ్లతో తెప్పించు.

ఇంటర్ లేనివాళ్లకు డిగ్రీ ఆశ పెట్టకు, ముందు ఓపెన్ స్కూల్లో కట్టించు. రిమాండు ఖైదీకి బెయిలు ఎప్పుడొస్తుందో తెలీదు కాబట్టి ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సే నయం. ఇగ్నోలో, అంటే ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో, ఖైదీలకు ఫీజు మినహాయింపు ఉంది, ప్రాంతీయ కేంద్రం మన విశాఖలోనే ఉంది.

క్లాసు వేళ దగ్గర చాలామంది పొరబడతారు. పని వేళల్లో పెడితే ఆ పూట కూలి పోతుంది. అది ఇంటికి పంపుకునే డబ్బమ్మా, ఎవరు వదులుకుంటారు? పని దిగాక, లాకప్‌కి ముందు ఓ గంట అడుగు. తలుపులు పడ్డాక బ్యారక్‌లో టీవీ గోల. చదివేవాళ్లందరినీ ఒకే బ్యారక్‌లో ఉంచితే సగం కష్టం తీరుతుంది. లోపల డిగ్రీ ఉన్న ఖైదీ దొరికితే రాత్రిపూట అతనే మాస్టారు.

ఇగ్నోలో చాలా పేపర్లకు 30 శాతం అసైన్‌మెంట్లదే, పరీక్షలో మార్కులొచ్చినా అవి ఇవ్వకపోతే పేపరు పాసవదు. చేత్తోనే రాయాలి. పక్కవాడిది దించకుండా చూడు. కట్టలు నువ్వే తీసుకెళ్లి అప్పజెప్పి, రసీదు నంబరుతో సహా రిజిస్టర్లో రాసుకో. జూన్, డిసెంబరు పరీక్షల తేదీలు రాగానే కోర్టు వాయిదాలతో సరిచూసి, కలిసిపడితే లాయరుకి అప్పుడే చెప్పించు.

రాజమహేంద్రవరం జైలుకు మార్చినా, విడుదలైనా చదువు అక్కడే తెగిపోతుంది. ఒక్కొక్కరికి ఒక ఫైలు పెట్టు: ఎన్‌రోల్‌మెంట్ నంబరు, మెమోల నకళ్లు, సంతకం చేయించి ఉంచిన స్టడీ సెంటర్ మార్పు దరఖాస్తు. గేటు దాటే రోజు బట్టలతో పాటు ఆ ఫైలూ అతని చేతికి ఇచ్చేలా వెల్ఫేర్ ఆఫీసరుకి రాసివ్వు.