ఎండలో కళా ఉత్సవానికి పిల్లతో, పెద్దావిడతో వెళ్లొచ్చా? వెళ్తే ఏ టైమ్‌కి?

దగ్గర్లోనే వీధి కళా ఉత్సవం పెట్టారు, శని ఆదివారాలు రెండు రోజులూ ఉంటుంది, ఎండ మాత్రం 40 డిగ్రీల దగ్గర ఉంది, ఆరేళ్ల పాపనీ అత్తగారినీ తీసుకెళ్లొచ్చా, ఏ టైమ్ మంచిది, ఒకటో రెండో బొమ్మలు, అంటే పెయింటింగ్‌లు, కొనాలని కూడా ఉంది అని అడిగారు కదండీ. శుభ్రంగా వెళ్లండి. కాకపోతే ఒక్కసారే వెళ్లి అన్నీ చూసేయాలని పెట్టుకోకండి. పొద్దున ఓ విడత, సాయంత్రం ఓ విడతగా వెళ్లండి. దగ్గర్లోనే అన్నారు కాబట్టి మధ్యలో ఇంటికొచ్చి పడుకోవచ్చు.

ఇలాంటి చోట్లకి నేను చూడ్డానికి వెళ్లాను, బొమ్మలు వేసే స్నేహితురాలికి సాయంగా స్టాల్లోనూ కూర్చున్నాను. స్టాల్లో కూర్చుంటే తెలిసే విషయం ఏంటంటే, మిట్టమధ్యాహ్నం అక్కడ ఎవరూ బొమ్మల్ని చూడరు. అందరూ నీడను వెతుక్కుంటూ తిరుగుతుంటారు. నీడ ఎక్కువగా ఉన్న స్టాల్ దగ్గర గుంపు కనిపిస్తే అక్కడేదో గొప్ప బొమ్మ ఉందని వెళ్తాం, తీరా చూస్తే ఎవరో పెడస్టల్ ఫ్యాన్ పెట్టి ఉంటారు. లోపల కూర్చున్న కళాకారులకి అప్పటికి గొంతు ఆరిపోయి ఉంటుంది, అడిగినదానికి అవును, కాదు అని తప్ప జవాబు రాదు. వాళ్లని తప్పు పట్టలేం. మనం గంటసేపు తిరిగి వెళ్లిపోతాం, వాళ్లు రోజంతా ఆ టెంటు కిందే ఉండాలి.

అదే మనుషులు పొద్దున తెరిచిన కొత్తలో ఎంత హుషారుగా మాట్లాడతారో చూడండి. బొమ్మలు కొనే పని, కళాకారులతో మాట్లాడే పని పొద్దున్నే పెట్టుకోమనేది అందుకే. "ఎంత టైమ్ పట్టింది" అని అందరూ అడుగుతారు, ఆ ప్రశ్నకి వాళ్ల దగ్గర అలవాటైన జవాబు ఒకటి ఉంటుంది. "ఇందులో ఎక్కడ ఇబ్బంది పెట్టింది" అని అడిగి చూడండి, కుర్చీ లాగి కూర్చోబెట్టి చెబుతారు. పాప ఏమైనా చేయాలనుకుంటే, అంటే మట్టి చక్రం తిప్పడం, అచ్చులు వేయడం లాంటివి ఉంటే, వాటికీ పొద్దునే పేరు రాయించండి. అవి తొందరగా నిండిపోతాయి, పైగా ఆ టెంట్లలో గాలి ఆడదు.

కొనే ముందు ఒక్క పని మర్చిపోకండి. బొమ్మని టెంటు కిందనుంచి బయటికి తెచ్చి, ఎండలోకి కాకుండా, ఆరుబయట నీడలో పెట్టి చూడండి. నీలం పట్టా కింద పెట్టిన బొమ్మలో మనుషులంతా జ్వరం తగిలినవాళ్లలా ఉంటారు. ఎర్ర గుడ్డ కిందైతే మామూలు పసుపు కూడా సాయంత్రపు ఎండలా మెరుస్తుంది. ఇంట్లో గోడకి తగిలించాక ఆ మెరుపు ఉండదు. అడిగితే ఎవరూ కాదనరు, పైగా తెలిసినవాళ్లే కొంటున్నారని సంతోషిస్తారు.

ఎండకి రంగు వెలిసే సంగతి కూడా ఆలోచించండి. కాగితం మీద వేసిన బొమ్మల్ని మ్యూజియాల్లో దాదాపు 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురుని కొలిచే ప్రమాణం) వెలుతురులోనే ఉంచుతారు. నడినెత్తి ఎండ లక్ష లక్స్ దాకా ఉంటుంది. అంటే స్టాల్ ముందు వరసలో ఎండ తగిలేలా పెట్టిన వాటర్‌కలర్, మ్యూజియంలో బొమ్మకి దక్కే వెలుతురుకి రెండు వేల రెట్లు మోస్తోందన్నమాట. అన్ని రంగులూ ఒకేలా వెలవవు. మట్టి రంగులు, అంటే ఓకర్, అంబర్ లాంటివి, మొండివి. అలిజరిన్ క్రిమ్సన్ అనే ముదురు ఎరుపు మాత్రం వెలిసిపోవడంలో పేరుమోసింది. "ఇవి లైట్‌ఫాస్ట్ రంగులేనా", అంటే వెలుతురుకి వెలవనివేనా, అని అడగండి, సీరియస్‌గా పని చేసేవాళ్లకి జవాబు సిద్ధంగా ఉంటుంది. ప్రింట్లైతే వాడిన సిరా పిగ్మెంటా (సన్నటి రంగు పొడి కలిపినది), డైయా (కరిగే రంగుతో చేసినది) అని అడగండి. పిగ్మెంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. ప్రింట్ కింద పెన్సిల్‌తో 7/50 అని ఉంటే, మొత్తం 50 కాపీల్లో అది ఏడోది అని. అది కంప్యూటర్ ప్రింటా, చేత్తో తీసిన అచ్చా అన్నది ఆ అంకె చెప్పదు, విడిగా అడగాలి.

కుండలు, పింగాణీ ఇష్టమైతే మాత్రం ఎండాకాలం నిశ్చింతగా కొనొచ్చు. స్టోన్‌వేర్ అనే గట్టి రకం కుండల్ని 1200 డిగ్రీల పైన కాలుస్తారు, మన ఎండ దానికొక లెక్కా. తినడానికి వాడాలనుకుంటే మాత్రం, పైన పూసిన గ్లేజ్ అందుకు పనికొస్తుందో లేదో తయారుచేసినవాళ్లనే అడగండి. అలంకరణ కోసం చేసినవి అన్నీ భోజనానికి పనికిరావు.

యాక్రిలిక్ బొమ్మల దగ్గరే జాగ్రత్త. ప్లాస్టిక్ లాంటి ఆ రంగు వేడికి మెత్తబడి జిగురుగా అవుతుంది. బబుల్ ర్యాప్‌లో బుడగల వైపు బొమ్మకి ఆనేలా చుట్టి, ఎండలో నిలిపిన కారులో పెట్టారంటే బొమ్మలోని ఆకాశం నిండా గుండ్రటి మచ్చలు దిగుతాయి. మొదట గ్లాసిన్ కాగితం (నున్నటి పల్చటి కాగితం), దానిపైన బబుల్ ర్యాప్, బుడగలు బయటికి ఉండాలి. ఆయిల్ పెయింటింగ్ పైకి ఆరినట్టు కనిపించినా లోపల నెలల తరబడి మెత్తగానే ఉండొచ్చు, ఎప్పుడు వేశారో అడగండి. మూసిన కారు అరగంటలోనే బయటికన్నా 15-20 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది. బొమ్మకే కాదు, పాపకీ ఇదే వర్తిస్తుంది. "ఒక్క నిమిషం, తాళం వేసి వస్తా" అని కూడా కారులో వదలకండి.

ఇక అత్తగారి విషయం. నాకు పాప కన్నా ఆవిడ గురించే ఎక్కువ టెన్షన్. వయసు పైబడ్డాక దాహం సరిగ్గా తెలియదు, చెమట కూడా తక్కువ పడుతుంది. "నాకేం వద్దమ్మా, బాగానే ఉన్నా" అంటారు, ఆ మాటని నమ్మకండి. అడక్కుండానే కాసేపటికోసారి నాలుగు గుక్కలు తాగించండి. బీపీకో గుండెకో మాత్రలు వాడుతుంటే, ముఖ్యంగా నీరు పోయేలా చేసేవైతే, ఎండలో తిరగడం గురించీ, ఎంత నీళ్లు తాగాలనే దాని గురించీ ముందే డాక్టర్ని ఒక మాట అడగండి. ఓఆర్ఎస్ కలిపితే ప్యాకెట్ మీద ఎంత నీళ్లు రాసి ఉందో అంతే పోయాలి. లీటరు ప్యాకెట్‌ని అందాజాగా గ్లాసులో కలపకూడదు. కలిపినది 24 గంటలు దాటితే పారబోయండి.

డిగ్రీలు ఒక్కటే చూసి లెక్కేయకండి. చెమట ఆరితేనే ఒళ్లు చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువగా ఉంటే చెమట కారుతుందే తప్ప ఆరదు. బాగా ఉక్కగా ఉన్న 36 డిగ్రీలు, పొడిగాలిలో 40 కన్నా కష్టం. ఫ్యాన్ ఉంది కదా అని కూడా ధీమా వద్దు. 40 దాటాక ఫ్యాన్ వేడిగాలినే మొహాన కొడుతుంది. మెడ మీద తడిగుడ్డ వేసుకుంటే హాయిగా ఉంటుంది. తారురోడ్డు ఎండకి 60 డిగ్రీల దాకా కాగుతుంది, పాప ఎత్తు తక్కువ కాబట్టి ఆ సెగ తనకే ముందు తగులుతుంది. మందపాటి అడుగున్న చెప్పులు వేయండి.

తలనొప్పి, వికారం, కళ్లు తిరగడం మొదలైతే వెంటనే నీడకి చేర్చి, పడుకోబెట్టి, నీళ్లు తాగించండి. మాట తడబడినా, అయోమయంగా ప్రవర్తించినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. అంబులెన్స్‌కి ఫోన్ చేసి, వచ్చేలోపు ఒంటిమీద నీళ్లు పోస్తూ విసురుతూ ఉండాలి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు. వెళ్లగానే ఫస్ట్ ఎయిడ్ టెంటు ఎక్కడుందో చూసి పెట్టుకోండి, అవసరమొచ్చాక వెతకడం కష్టం.

సాయంత్రం విడత పాటలకీ నాట్యానికీ ఉంచండి. ఎండలో వాయించేవాళ్లకి శ్రుతి నిలవదు, అది వాళ్ల చేతకానితనం కాదు. గాలి వేడెక్కిన కొద్దీ అందులో శబ్దం వేగం పెరుగుతుంది, డిగ్రీకి సెకనుకి 0.6 మీటర్ల చొప్పున. దాంతో వేణువు శ్రుతి పైకి పోతుంది. గిటార్ ఉక్కు తీగలు వేడికి సాగి కిందికి దిగుతాయి. పొడి వేడికి తోలు బిగిసి చర్మవాద్యాలు మళ్లీ పైకి వెళ్తాయి. ముగ్గురూ మూడు దిక్కులకి పోతుంటే, పాట పాటకీ మధ్య శ్రుతి చేసుకుంటూ కూర్చుంటారు. పొద్దు వాలాక వినడం మనకీ సుఖం, వాళ్లకీ సుఖం.

కొందరు చివరి రోజు సాయంత్రం రేటు తగ్గిస్తారని కాచుకుని ఉంటారు. కొంతమంది తగ్గిస్తారు కూడా, సామాను మళ్లీ మోసుకెళ్లడం బాధ కదా. కానీ మనసు పడిన బొమ్మ అప్పటిదాకా ఉంటుందన్న నమ్మకం లేదు. నేనైతే పొద్దునే కొనేసి, అక్కడే ఉంచమని చెప్పి, సాయంత్రం తెచ్చుకుంటాను. బిల్లు మీద "డబ్బు ముట్టింది, బొమ్మ ఇవ్వాలి" అని రాయించుకోండి, ఫోన్ నంబర్ తీసుకోండి. స్టాల్ ఎన్నింటికి మూస్తారో కూడా అప్పుడే అడగండి. పాటలు రాత్రి దాకా సాగినా స్టాళ్లు ముందే సర్దేస్తుంటారు.